మా తోటకు దడి కట్టినాయన

మొన్న మా రోడ్డవతలి స్థలానికి సిమెంటు స్తంభాలు పాతడానికి కొత్తగూడెం నుంచి పనివాళ్లు వచ్చారు. మధ్యాహ్నం మంచినీళ్ల కోసం మా ఇంటికి వచ్చిన మేస్త్రీ, సీసా నింపుకున్నాక కూడా కదలకుండా మా కంచెను చూస్తూ నిలబడ్డాడు. దగ్గరికి పోయి చేత్తో ఊపి చూశాడు. అది ఊగలేదు.

“ఇది ఎవరు కట్టిండ్రు మేడం?”

“గూడెం పెద్దాయన ఒకాయన.”

“మంచి పనోడు. నంబరుంటె ఇయ్యండి, మాకు అక్కరకొస్తడు.”

“ఆయనకు ఫోన్ లేకుండె. ఇప్పుడు ఆయనే లేడు,” అన్నాను.

మేస్త్రీ “అయ్యో” అని ఇంకోసారి కంచె మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు. ఆ పూటంతా నాకు వేరే పని తోచలేదు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇప్పుడు రాయబుద్ధి కావడం లేదు. నాకు ఆయన పెద్దాయన. ఆయనకు నేను అమ్మను. అమ్మా అంటూనే నువ్వు అనేవాడు. వాళ్ల ఇళ్లలో మాట్లాడేది కోయ భాష. తెలుగులోకి వచ్చేసరికి చిన్నా పెద్దా అందరూ నువ్వే. ముప్పై ఏళ్లకు పైగా దవాఖానాలో నర్సుగా చేసి సిస్టర్ అనీ మేడం అనీ పిలిపించుకున్న నాకు ఆ నువ్వు మొదట్లో కొంచెం గుచ్చుకుంది. తర్వాత ఎంత అలవాటైందంటే, ఆయన లేకుండా పోయాక నా గేటు దగ్గర ఆగి నన్ను నువ్వు అనే మనిషి మిగలలేదని ఒక రోజు లెక్కకు వచ్చి గుబులేసింది.

రిటైరయ్యాక కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డుకు లోపలగా, అడవి మొదలయ్యే చోట అరెకరం కొన్నాం. రెండు గదుల ఇల్లు వేసుకున్నాం. మావారికి ఇంకా నౌకరీ ఉంది కాబట్టి ఆదివారాలు వచ్చి పోయేవారు. మిగతా రోజులు నేనూ, నా తోట ఆలోచనలూ. ఫోనులో చూసి చూసి నాకొక తోట బొమ్మ మనసులో పడిపోయింది. ముందు పచ్చటి లాన్, మధ్యలో రాళ్లు పరిచిన తిన్నని బాట, అటూ ఇటూ గులాబీలు, చుట్టూ గట్టి కంచె. పని ఒప్పుకున్న కాంట్రాక్టరు రేపు వస్తా, ఎల్లుండి వస్తా అని రెండు నెలలు తిప్పాడు. చివరికి మమ్మల్ని తిప్పే ఆటో అతను, “గూడెంల ఒక పెద్దమనిషి ఉన్నడు మేడం, దడి కట్టుడంటె ఆయననే అడగాలె,” అని చెప్పి ఆయనకు కబురు చేశాడు.

మర్నాడు పొద్దున ఎవరో దగ్గుతున్నట్టు వినిపించి బయటికి చూశాను. సన్నటి మనిషి, భుజం మీద గడ్డపార, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ. అప్పటికి మాకు గేటు లేదు, గోడ లేదు, నాలుగు వైపులా నేల తెరిచే ఉంది. అయినా ఆయన గేటు రావలసిన చోట ఆగి, పిలిచే దాకా లోపల అడుగు పెట్టలేదు. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అంతే. అక్కడ ఆగడం, రెండుసార్లు దగ్గడం, నేను “రా పెద్దాయనా” అనడం.

ఆ మొదటి రోజంతా పనిముట్టు ముట్టలేదు. హద్దు వెంట నడిచాడు, కూర్చున్నాడు, మళ్లీ నడిచాడు. మధ్యాహ్నానికి నాకు ఓపిక పోయింది.

“పని ఎప్పుడు మొదలు పెడతవ్?”

“పొద్దుగాలనే మొదలైంది గదమ్మా,” అన్నాడు ఆశ్చర్యంగా.

గుంత తీసే ముందు ప్రతిచోటా చెంబెడు నీళ్లు పోసి, నేల ఎంతసేపటికి తాగుతుందో చూసేవాడు. “నేలనడగాలె” అన్నది ఆయన ఊతపదం. మామిడి మొక్క ఎక్కడ పెడదామన్నా అదే, బాట ఎటు వేద్దామన్నా అదే. మూర, బెత్త, ముడులు వేసిన ఒక తాడు, ఇవే ఆయన కొలతలు. నేను కొత్తగూడెం నుంచి స్టీలు టేపు తెచ్చిచ్చాను. దాన్ని తుడిచి జాగ్రత్తగా పట్టుకుని, ముందు తాడుతో కొలిచి, ఆ తర్వాత టేపు పెట్టి చూసి, “అవ్, నీ టేపు గూడ గంతనే అంటున్నది,” అని దాన్ని మెచ్చుకునేవాడు.

పాలు పోసిన టీ ముట్టేవాడు కాదు. మొదటిసారి ఇచ్చినప్పుడు గ్లాసు వైపు చూసి, “పాలు దూడయి గదా,” అన్నాడు. అందులో నన్ను తప్పుపట్టడం లేదు. ఎవరి వస్తువో చెప్పాడు, అంతే. అప్పట్నుంచి ఆయనకు డికాషన్, చక్కెర మాత్రం నిండుగా.

లాన్ సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వాడు. ఉన్న గడ్డి పీకి, లారీలో గడ్డి తెప్పించి, దాన్ని నాటి, నీళ్లు పెట్టాలని వివరించాను. చాలాసేపు శ్రద్ధగా విన్నాడు.

“గడ్డి పీకి గడ్డి పెడ్తవా?”

“అది వేరే గడ్డి.”

“ఈ గడ్డి ఏం చేసిందమ్మా?”

లాన్ వెయ్యలేదు. తిన్నని బాట కూడా వెయ్యనివ్వలేదు. నేను ముగ్గు పోసిన చోట వాన నీళ్లు పారతాయని, బాటను ఇంటి పక్కనుంచి వంపు తిప్పాడు. నాకు కోపమొచ్చింది. నెల తిరక్కముందే పెద్ద వాన పడ్డప్పుడు నా ముగ్గు బాట మీద మోకాలి లోతు నీళ్లు పరుగెత్తడం వరండాలో కూర్చుని చూశాను. ఆయన ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

కంచె కట్టే తీరు కూడా ఆయనదే. వాళ్ల పెరటి పొదలోంచి కొట్టి తెచ్చిన వెదురుతో అల్లిక, మధ్య మధ్య గుంజలు. ప్రతి గుంజ పక్కనా ఒక బతికే కొమ్మ నాటాడు. కొన్నిచోట్ల వావిలి, కొన్నిచోట్ల వాక్కాయ మొక్కలు. ఎందుకని అడిగితే, “ఈ కట్టె నాలుగేండ్లకు పుచ్చుతది. అప్పటికి చెట్టు నిలబడ్తది. నువ్వు మల్ల నన్ను పిలిచే పనుండదు,” అన్నాడు. పని మళ్లీ రాకుండా చేసే పనివాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

పని చివరికి వచ్చింది. ఉత్తరం మూలన పెద్ద ఇప్పచెట్టు ఉంది. అక్కడ దడి కలపకుండా, తలమీద గంప పెట్టుకున్న మనిషి పక్కకు తిరక్కుండా పోయేంత సందు వదిలేశాడు.

“ఇక్కడెందుకు వదిలినవ్?”

“దారి.”

“ఎవరికి?”

“ఎండాకాలం పూలేరుకునేటోళ్లకు.”

ఇప్పపూలు రాలే రోజుల్లో గూడెం ఆడవాళ్లు ఈ చెట్టు కిందికి వస్తారని, నేను కొనకముందు నుంచీ వస్తున్నారని అప్పుడే నాకు తెలిసింది. నేను దస్తావేజు మాట ఎత్తాను. కొన్న స్థలంలో దారేంటని గొంతు పెంచాను. ఆయన వాదించలేదు. చెట్టు వైపు చూసి, “నువ్వు కొన్నవని దానికి తెల్వదమ్మా. పూలు రాలుస్తది,” అన్నాడు. సరే, ఈ ఒక్క ఏడాది చూద్దాం అన్నాను. నా మనసులో మాత్రం, ఆయన పని ముగించి పోయాక ఎవరి చేతనైనా మూయించొచ్చు అనుకున్నాను. ఆ మాట ఇక్కడ దాచడం ఎందుకు.

చలికాలం వచ్చింది. నేను చేమ, కంద, కొంచెం వేరుశనగ వేశాను. కంచె కింద మొక్కలింకా లేతగా ఉన్నాయి. ఒక రోజు లేచి చూస్తే రెండు మళ్లు దున్నినట్టున్నాయి. అడవి పందులు. మళ్లీ విత్తాను. మళ్లీ వచ్చాయి. ఎండలు మొదలయ్యే వేళ మూడోసారి వచ్చినప్పుడు తోటలో నిలబడి ఏడ్చాను. దవాఖానాలో ఎన్ని చూసినా ఏడవని దాన్ని, చేమదుంపల కోసం ఏడ్చాను.

ఎగువ చేను రైతు అది చూశాడు. మంచివాడే, నా మీద జాలితోనే సలహా ఇచ్చాడు. “కింద ఒక తీగ గుంజి కరెంటు ఇయ్యాలె మేడం. చీకటి పడంగ స్విచ్ ఎయ్యాలె, తెల్లారంగ తియ్యాలె. రెండు దినాలల్ల పందుల పీడ పోతది. మా చేన్ల అందరు గట్లనే చేస్తరు.” ఆదివారం మనిషిని పంపి కలిపిస్తానన్నాడు. అది నేరమని నాకు తెలుసు. ఒక్క వారమే కదా, పందులు భయపడే దాకానే కదా అనుకున్నాను.

తీగకు పుల్లలు పాతాలని పెద్దాయనకు కబురు చేశాను. వచ్చాడు, దగ్గాడు, లోపలికి వచ్చాడు. వరండాలో చుట్టగా పడి ఉన్న ఇనుప తీగను చూశాడు.

“ఇది దేనికమ్మా?”

చెప్పాను.

భుజం మీంచి దించబోయిన గడ్డపారను మళ్లీ భుజానికెత్తుకున్నాడు. కలిపి పెట్టిన డికాషన్ తాగలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. నాకు అవమానంగా అనిపించింది. పని చెయ్యడం ఇష్టం లేకపోతే చెప్పొచ్చు కదా అని గొణుక్కుని, వేరే కూలీని పెట్టి పుల్లలు పాతించాను. ఆ వారం మావారు రాలేదు. ఆదివారం రైతు పంపిన మనిషి వచ్చి తీగ లాగి, వైరు తెచ్చి వరండా ప్లగ్గు పక్కన పెట్టి, “ఇగ పొద్దూకంగ పెట్టుడే,” అని వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దాయన వచ్చాడు. ఈసారి దగ్గు వినిపించలేదు. నేనే చూశాను. గేటు బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. రమ్మన్నా రాలేదు. నేనే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

“మొక్కజొన్న చేనుకు కూలికి పోయిన,” అని మొదలుపెట్టాడు, ఎక్కడో సగంలో ఆపిన మాటను అందుకున్నట్టు. “తొమ్మిదేండ్లయితది. తీగ కట్టాలె అన్నరు. కట్టిన. పుల్లలు పాతిన, తీగ గుంజిన. నా పని ఎట్లుంటదో నీకెరికే గద. ఎక్కడ వదులుండది.”

నేను అక్కడే కూర్చున్నాను.

“మూడోనాడు పొద్దుగాల మా తమ్ముడు తాడిచెట్ల దిక్కు పోయిండు. రోజు పోయే దారే. ఇంక మబ్బుల ఉన్నది, తెల్లారలే. తీగ కాలుకు తగిలింది.” గడ్డి పరక ఒకటి పీకి వేళ్లకు చుట్టుకున్నాడు. “నేను గుంజిన తీగనే అమ్మా. తీగ ఉన్నదిరా, అటు పోకురా అని వానికి చెప్పలే. ఒకటే ఇంట్ల అన్నం తిన్నం, ఆ రెండు దినాలు. యాదికి రాలే. చెప్పుడు యాదికి రాలే.”

గడ్డి పరక పడేసి అన్నాడు, “నిన్ను ఆపనీకి రాలేదమ్మా. నీ భూమి, నీ ఇష్టం. చెప్పి పోదామని వచ్చిన. ఆనాడు వానికి చెప్పలే గద. అందుకని.”

నేను దవాఖానాలో అలాంటివాళ్లను చూశాను. కాలి మడమ పైన గీత గీసినట్టు సన్నటి నల్లటి గాయం, దాని మీద కప్పిన తువ్వాలు, వెనక పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లు. కొందరికి కట్లు కట్టాను. కొందరికి ముఖం మీద దుప్పటి కప్పాను. ఇన్నేళ్లు ఆ పని చేసిన దాన్ని, తీగ తెప్పించినప్పుడు ఆ గాయాల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు. చేమదుంపలు గుర్తొచ్చాయి.

లేచి వెళ్లి ముందు ఆ వైరు తీసి లోపల పడేశాను. తర్వాత తీగ విప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయన కూడా వచ్చి రెండో కొసనుంచి చుట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో నా వేలు తెగితే ఏదో ఆకు నలిపి తెచ్చి పెట్టాడు. నేను లోపలికి పోయి టించర్ రాసుకుని, ఆయన చిన్నబుచ్చుకోకుండా ఆకు కూడా పైన పెట్టుకుని వచ్చాను. గమనించి నవ్వాడు. ఆ రోజుకు అదొక్కటే నవ్వు.

పొద్దు వాలేముందు ఎగువ రైతు కంచె మీంచి చూసి, “ఏంది మేడం, పందులకు దండం పెడ్తరా ఇగ?” అన్నాడు.

“అవ్, పెడ్త,” అన్నాను.

మర్నాడు ఇంకా ఎండ రాకముందే మాటలు వినిపించి తలుపు తీశాను. ఇప్పపూలు రాలడం మొదలై రెండు మూడు రోజులే అయినట్టుంది, నేను గమనించనే లేదు. చెట్టు కింద ముగ్గురు ఆడవాళ్లు వంగి ఏరుతున్నారు. నేల మీద పసుపుగా, తడిగా పూలు. వాళ్లలో పెద్దావిడ నన్ను చూసి నడుం నిలబెట్టి, “మా ఇంటాయన కట్టిన దడే గదమ్మా ఇది. దారి ఉంచిండు,” అంది.

“ఎవరు మీ ఇంటాయన?” అన్నాను. అంటూనే నాకు తెలిసిపోయింది.

ఆమె వచ్చిన సందు దగ్గరికి వెళ్లి చూశాను. తీగ కోసం పాతి, ముందు రోజు పీకేసిన పుల్ల గుంత అక్కడ ఇంకా పూడలేదు. ఆమె పాదం గుర్తు దాని పక్కనే ఉంది. నేను తెల్లారి ఆరింటికి లేచాకే స్విచ్ తీసి ఉండేదాన్ని. వాళ్లు ఐదు కాకముందే వచ్చి ఉంటారు. ఆ గుంత పక్కనే చతికిలపడ్డాను. ఆమె నన్ను లేవదీసి, జ్వరమేమైనా వచ్చిందా అని నుదురు పట్టి చూసింది.

వారం తర్వాత పెద్దాయన వచ్చినప్పుడు కోపంగానే అడిగాను. “మీ ఇంటామె వస్తదని ముందే ఎందుకు చెప్పలే?”

గడ్డపార దించి గుంజకు ఆనించాడు. “చెప్తె, మా ఆమె కోసం ఆపినట్టయితది. ఎవరొచ్చినా ఆపాలె గదమ్మా.”

నేను లోపలికి పోయి డికాషన్ కలిపి తెచ్చాను.

పందుల సంగతి అంతటితో తీరిపోలేదు. ఆ ఏడాది ఇంకో రెండుసార్లు వచ్చాయి. ఆయన దడి మొదట్లో బండరాళ్లు పేర్చాడు, ముళ్ల కంప తొక్కించాడు, వాక్కాయ మొక్కల్ని రెండో వరస నాటాడు. దుంపల మళ్లను ఇంటికి దగ్గరగా మార్పించాడు. రెండో వానాకాలానికి వాక్కాయ ముళ్లు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి, పిల్లి దూరడానికి కూడా ఆలోచించాల్సినంత కంచె అయింది. ఉత్తరం మూల సందుకు ఆయనే తడిక తలుపొకటి అల్లి పెట్టాడు. గొళ్లెం రెండు వైపులనుంచీ తీసేట్టు పెట్టాడు. ఎందుకు అని ఈసారి నేను అడగలేదు.

తర్వాత నాలుగేళ్లు, పని ఉన్నా లేకున్నా వచ్చేవాడు. మొక్కల్ని పలకరించినట్టు ఒక్కోదాని దగ్గర ఆగి, ఎండిన కొమ్మ తుంచి, డికాషన్ తాగి పోయేవాడు. నాకు గులాబీలు రెండే బతికాయి. మిగతా తోట అంతా ఆయన నేలనడిగి పెట్టినవే. సీతాఫలం, ఉసిరి, మునగ, గట్టు మీద కనకాంబరాలు. మావారు రిటైరై వచ్చాక ఈ తోటను చూసి, “నువ్వు చూపించిన ఫోటో లెక్క లేదు గానీ, బాగుంది,” అన్నారు.

పోయిన వానాకాలంలో ఆయనకు ఆయాసం వచ్చింది. రెండుసార్లు నేనే ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాను. మూడోసారి రానన్నాడు. “ఇల్లు మంచిగున్నదమ్మా,” అన్నాడు. ఆ తర్వాత పది రోజులు వాగు పొంగి గూడేనికి దారి తెగింది. ఆయన పోయిన సంగతి నాకు చేరేసరికి సాగనంపడం అయిపోయింది. దినాల రోజుకు నీళ్లు తగ్గితే నడిచి వెళ్లాను.

వాళ్ల వాకిట్లో జనం ఉన్నారు. ఎవరెవరో నన్ను చూసి జరిగి చోటిచ్చారు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. నేనే ముందు మాట్లాడాను. ఆయన రుణం తీర్చుకోలేనని, ఆ రోజు ఆయన రాకపోతే నేను ఏమై ఉండేదాన్నో అని, ఆయన నన్ను కాపాడాడని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“తమ్ముడు పోయిన కాడికెల్లి కూలికి పోయిన చోటల్ల చెప్పిండు, తీగ వద్దని,” అంది. “ఎవరు ఇనలే. పని చెయ్యకుంటె పో ముసలోడా అన్నరు. ఎన్ని పనులు ఇడిచిపెట్టి వచ్చిండో. నువ్వొక్కదానివే తీసినవ్.”

నేను తల దించుకున్నాను.

“ఆ తొమ్మిదేండ్లు అన్నం కాడ సగంలనే లేస్తుండె అమ్మా. ఎంత చెప్పినా అంతే. తీగ చుట్టొచ్చిన దినం ఇంటికొచ్చి కూసున్నడు. తిన్నడు. గిన్నె నా దిక్కు జరిపి, ఇంగింత పెట్టు అన్నడు.”

అంతలో ఎవరో మా ముందు ఆకులు పరిచారు. అన్నం, పప్పు, మునగాకు కూర వడ్డించారు. ఆమె నా ఆకు వైపు చూస్తూ కూర్చుంది. నాకు ఆకలి లేదు. అయినా మెతుకు మిగలకుండా తిన్నాను. వడ్డించే మనిషి ముందుకు పోతుంటే ఆపి, “ఇంగింత పెట్టు,” అన్నాను.